చికిత్స ముగిసింది, సలహా అందలేదు: పొత్తికడుపు రేడియేషన్ తర్వాత మహిళల లైంగిక ఆరోగ్యం

న్యూఢిల్లీ: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రాజధానిలోని ఒక ఆసుపత్రిలో రేడియేషన్ చికిత్స పూర్తిచేసుకున్న ఒక తెలుగు మహిళ డిశ్చార్జి పత్రాన్ని, ఆమె కుటుంబం కోరికపై ఈ వ్యాసకర్త కొంతకాలం క్రితం తెలుగులోకి మార్చవలసి వచ్చింది. ఇంగ్లీషులో ఉన్న ఆ మూడు పుటల పత్రంలో వ్యాధి దశ, ఇచ్చిన రేడియేషన్ మోతాదు, కీమోథెరపీ విడతలు, రక్తపరీక్షల ఫలితాలు, మళ్లీ రావలసిన తేదీ అన్నీ ఉన్నాయి. చివరి పుటలో, మందుల జాబితా కింద, యోనిమార్గాన్ని క్రమం తప్పక వ్యాకోచింపజేసుకోవాలన్న సలహా మూడు మాటల్లో ఉంది. దేనితో చేయాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంతకాలం చేయాలి, అసలు ఎందుకు చేయాలి అన్న ప్రశ్నలకు అందులో జవాబు లేదు. అటువంటి సలహా తనకు ఇచ్చారన్న సంగతే ఆమెకు అనువాదం విన్నప్పుడు తెలిసింది. అప్పటికి చికిత్స ముగిసి ఏడు నెలలు గడిచాయి.

ఆ ఆసుపత్రి చేసిన చికిత్సలో లోపం లేదు. వ్యాధి అదుపులోకి వచ్చింది. చికిత్స ముగిసిన నాటి నుంచి ఆమె గడపవలసిన జీవితాన్ని గురించి చెప్పే మనిషి మాత్రం ఆ వ్యవస్థలో ఎక్కడా లేరు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నిర్మూలించాలన్న సంకల్పం జాతీయ విధానంలో భాగమవుతున్న వేళ, ఈ వ్యాధి నుంచి బయటపడిన లక్షలాది మహిళల దాంపత్య జీవితం, శరీర సౌఖ్యం ఎవరి బాధ్యత అన్న ప్రశ్న వేసుకోవలసి ఉంది.

అంకెలలో కనబడేవారు, కనబడనివారు

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వెలువరించే గ్లోబోకాన్ 2022 అంచనాల ప్రకారం భారతదేశంలో ఏటా సుమారు 1.27 లక్షల మంది మహిళలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కొత్తగా సోకుతోంది. సుమారు 80 వేల మంది మరణిస్తున్నారు. రొమ్ము క్యాన్సర్ తర్వాత మన దేశ మహిళలలో ఎక్కువగా కనిపించేది ఇదే. మరోవైపు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ల మహిళలలో ఎప్పుడైనా ఈ క్యాన్సర్‌కు ముందస్తు పరీక్ష చేయించుకున్నవారు 1.9 శాతమే.

ఈ రెండు అంకెల మధ్య ఉన్న సంబంధమే చికిత్స తీరును నిర్ణయిస్తోంది. తొలిదశలో వ్యాధి బయటపడితే శస్త్రచికిత్సతో సరిపోయే అవకాశం ఎక్కువ. పరీక్షలు లేనిచోట మహిళలు రక్తస్రావమో, దుర్వాసనతో కూడిన తెల్లబట్టో, నడుము నొప్పో భరించలేనంతగా ముదిరిన తర్వాతే ఆసుపత్రికి వస్తారు. అప్పటికి కణితి ముఖద్వారాన్ని దాటి విస్తరించి ఉంటుంది. అటువంటివారికి ప్రధాన చికిత్స రేడియేషనే. సాధారణంగా ఐదు వారాలపాటు, వారానికి ఐదు రోజుల చొప్పున, 25 విడతలలో 45 గ్రే మోతాదును శరీరం వెలుపలి నుంచి పొత్తికడుపుకు ఇస్తారు. దానితోపాటు వారానికొకసారి సిస్ప్లాటిన్ అనే కీమోథెరపీ మందు ఎక్కిస్తారు. ఆపైన రేడియోధార్మిక మూలకాన్ని గర్భాశయ ముఖద్వారం దగ్గరికే చేర్చి, లోపలి నుంచి ఇచ్చే బ్రాకీథెరపీ ఉంటుంది. మొత్తం చికిత్సను ఎనిమిది వారాలలోపు ముగించడం ఆనవాయితీ.

ఈ చికిత్స ప్రాణం నిలుపుతోంది. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో వ్యాధి మూడో దశకు చేరిన 850 మంది మహిళలపై జరిగిన అధ్యయనం 2018లో ప్రచురితమైంది. రేడియేషన్‌తోపాటు కీమోథెరపీ కూడా పొందినవారిలో 54 శాతం మంది ఐదేళ్ల తర్వాత జీవించి ఉన్నారు. రేడియేషన్ మాత్రమే పొందినవారిలో ఇది 46 శాతం. ముదిరిన వ్యాధిలో ఇది చిన్న విజయం కాదు. గర్భాశయం, పురీషనాళం, మలద్వారం, మూత్రాశయ క్యాన్సర్లకు పొత్తికడుపు రేడియేషన్ పొందే మహిళలను కూడా కలుపుకుంటే, ఈ చికిత్స దాటి జీవిస్తున్నవారి సంఖ్య ఏటా పెరుగుతూనే ఉంటుంది. ఐదేళ్ల తర్వాత ఎందరు జీవించి ఉన్నారన్నది ప్రతి ఆసుపత్రీ లెక్కిస్తుంది. వారు ఎలా జీవిస్తున్నారన్న లెక్క ఉన్న ఆసుపత్రులు అరుదు.

రేడియేషన్ లోపల చేసే పని

క్యాన్సర్ కణాలను చంపే కిరణాలు చుట్టుపక్కల ఆరోగ్యకరమైన కణజాలాన్ని కూడా తాకుతాయి. యోనిమార్గపు పైభాగం గర్భాశయ ముఖద్వారానికి ఆనుకొని ఉంటుంది కాబట్టి దానికి రేడియేషన్ తగలకుండా ఈ చికిత్స సాధ్యం కాదు. మొదటి కొద్ది వారాలలో లోపలి పొర ఎర్రబడి, పుండు పడినట్లవుతుంది. అది మానే క్రమంలో సూక్ష్మ రక్తనాళాలు మూసుకుపోతాయి. పొర పలచబడి, పొడిబారుతుంది. సాగే గుణం తగ్గి కణజాలం గట్టిపడుతుంది. కొందరిలో పచ్చి గోడలు రెండూ ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఫలితంగా మార్గం ఇరుకై, పొట్టిదవుతుంది. పలచని రక్తనాళాలు పొరపైకి తేలి, కొద్దిపాటి రాపిడికే రక్తం కనబడుతుంది. వీటిలో చాలా మార్పులు చికిత్స ముగిసిన మొదటి ఆరు నెలలలోనే మొదలవుతాయి. కణజాలం గట్టిపడే ప్రక్రియ మాత్రం ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగవచ్చు.

ఎంబ్రేస్ పేరుతో ఐరోపా కేంద్రంగా సాగుతున్న అంతర్జాతీయ అధ్యయనంలో మన దేశపు ఆసుపత్రులు కూడా పాలుపంచుకున్నాయి. అందులోని 630 మంది మహిళల వివరాలను విశ్లేషించి 2016లో ప్రచురించిన పత్రం ప్రకారం, రెండేళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఒక మోస్తరు నుంచి తీవ్రస్థాయి వరకు యోనిమార్గం ఇరుకు కావడం సంభవించింది. పురీషనాళానికీ యోనిమార్గానికీ మధ్యనున్న ఒక నిర్దిష్ట బిందువు వద్ద మోతాదు 65 గ్రే ఉన్నప్పుడు ఈ ముప్పు 20 శాతం కాగా, 85 గ్రేకు చేరినప్పుడు 34 శాతమని ఆ పరిశోధకులు అంచనా కట్టారు. చికిత్సను రూపొందించే దశలోనే ఈ నష్టాన్ని కొంత తగ్గించవచ్చన్నది దీని సారాంశం.

రెండో దెబ్బ అండాశయాలపై పడుతుంది. ముప్పై ఏళ్ల మహిళలో సుమారు 14 గ్రే మోతాదుకే అండాశయాలు శాశ్వతంగా పనిచేయడం మానేస్తాయని అంచనా. వయసు పెరిగేకొద్దీ ఆ పరిమితి ఇంకా తగ్గుతుంది. పొత్తికడుపుకు ఇచ్చే మోతాదు దీనికి మూడింతలు. అందువల్ల నలభై ఏళ్లు నిండని మహిళకు కూడా కొద్ది వారాలలోనే ముట్లు ఆగిపోతాయి. వేడి ఆవిర్లు, నిద్రలేమి, చిరాకు, యోనిమార్గం పొడిబారడం, కోరిక సన్నగిల్లడం ఒకేసారి మీదపడతాయి. ఎముకల పటుత్వం, గుండె ఆరోగ్యం కూడా దీర్ఘకాలంలో దెబ్బతింటాయి. సహజంగా ముట్లుడిగే మహిళ శరీరం కొన్నేళ్లలో చూసే మార్పును ఈమె శరీరం ఒక రుతువులో చూస్తుంది.

వీటికి అలసట, మూత్రాశయ, పేగు సంబంధిత ఇబ్బందులు, రొమ్ము క్యాన్సర్‌లో లాగా బయటకు కనబడని వ్యాధి కావడం వల్ల ఇంట్లోవారు ఇచ్చే సానుభూతి త్వరగా ఆవిరైపోవడం తోడవుతాయి. మనిషి తిరుగుతోంది, వంట చేస్తోంది కాబట్టి నయమైపోయిందని ఇల్లు అనుకుంటుంది. నొప్పి ఉన్నది ఎక్కడో చెప్పుకోవడానికి ఆమెకు మాట దొరకదు.

మాట దొరకని చోట

మాట దొరకకపోవడం ఇక్కడ అలంకారప్రాయంగా అంటున్నది కాదు. ఉత్తరాది ఆసుపత్రులలో రోగులు రేడియేషన్‌ను 'సికాయీ' అంటారు. కాపడం పెట్టడానికి హిందీలో వాడే మాట అది. తెలుగునాట అదే చికిత్సను 'కరెంటు పెట్టడం' అంటారు. ఒక మాటలో వేడి ఉంది, మరొక మాటలో విద్యుత్తు ఉంది. చికిత్స ముగిసిన తర్వాత కూడా ఆ వేడి, ఆ కరెంటు ఒంట్లోనే ఉండిపోయాయన్న భయం ఈ మాటల వెంట వస్తుంది. భర్తను దగ్గరికి రానిస్తే ఆయనకూ అంటుతుందేమోనన్న అనుమానానికి మూలం చాలా సందర్భాలలో ఇదే. నిజానికి బయటి నుంచి ఇచ్చిన రేడియేషన్ యంత్రం ఆగగానే ఆగిపోతుంది. బ్రాకీథెరపీలోనూ, ఇప్పుడు విరివిగా వాడుతున్న అధిక మోతాదు పద్ధతిలో, మూలకాన్ని ప్రతి విడత చివరా వెనక్కి తీసేస్తారు. ఒంట్లో ఏమీ మిగలదు. ఈ ఒక్క వాక్యం చెప్పినా సగం భయం తీరుతుంది.

తెలుగులో మరొక చిక్కు ఉంది. శరీర భాగాలకు సంస్కృత పదాలు వైద్య పుస్తకాలలో ఉన్నాయి, బూతు మాటలు వీధిలో ఉన్నాయి. మధ్యలో మర్యాదగా, సూటిగా వాడుకోగల మాటలు తక్కువ. కాబట్టి మన మహిళలు 'కింద', 'లోపల' అంటారు. కలయికను 'సంసారం' అంటారు. ఇల్లు నడుపుకోవడాన్నీ సంసారమనే అంటారు. ఇకమీదట సంసారం ఎలా చేయాలని ఒక మహిళ అడిగితే, ఆ ప్రశ్నలో రెండు అర్థాలున్నాయని తెలియని వైద్యుడు ఆర్థిక సహాయం గురించి సామాజిక కార్యకర్తను కలవమని పంపవచ్చు. అటుపైన ఆమె మళ్లీ అడగదు.

ఇక 'లైంగిక' అన్న మాట. మన పత్రికలలో, ప్రసారాలలో ఈ విశేషణం ఎక్కువగా దాడి, వేధింపు, నేరం అన్న మాటల పక్కనే కనిపిస్తుంది. వార్తలు అనువదించే మేమే దానికి ఆ సహవాసం అలవాటు చేశాం. ఆ కారణంగా 'లైంగిక ఆరోగ్యం' అన్న పదబంధం పోలీసు కేసులా వినిపిస్తుందే తప్ప, నిద్ర గురించో ఆకలి గురించో మాట్లాడినంత సహజంగా వినిపించదు. ఆసుపత్రి కరపత్రాలలో ఆ మాటను యథాతథంగా దించితే చదివేవారు పుట తిప్పేస్తారు. 'భార్యాభర్తల కలయిక', 'దాంపత్య ఆరోగ్యం' వంటి మాటలు వివాహితలకు దగ్గరగా ఉంటాయి. అవివాహితలు, వితంతువులు, ఒంటరి మహిళలు వాటివల్ల తమను మినహాయించినట్టు భావించకుండా చూడడం కూడా అవసరమే.

మౌనం రోగి వైపు మాత్రమే లేదు. కిక్కిరిసిన ఓపీలో ఒక్కొక్కరికి దొరికేది కొద్ది నిమిషాలు. తెర చాటు కూడా లేని గదిలో, పక్కన మరొక రోగి, ఆమె కొడుకో మరిదో నిలబడి ఉండగా ఈ ప్రసంగం ఎలా మొదలవుతుంది? రోగి అడిగితే చెబుదామని వైద్యుడు, వైద్యుడు చెబితే విందామని రోగి ఎదురుచూస్తూ ఉండగానే సమయం మించిపోతుంది. అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ 2018లో ప్రచురించిన మార్గదర్శకాలు ఈ ముడిని సూటిగా విప్పాయి. లైంగిక ఆరోగ్యం గురించిన సంభాషణను వైద్య బృందమే ముందుగా ప్రారంభించాలన్నది వాటిలోని తొలి సిఫారసు. అడిగే భారం రోగిపై ఉండరాదన్న ఆ సూత్రం అమలుకు యంత్రాలు అక్కరలేదు.

వైద్యం ఏం చేయగలదు?

చేయగలిగినది చాలానే ఉంది. చికిత్సకు ముందే మొదలుపెట్టవలసినవి కొన్ని. చిన్న వయసు మహిళలకు, వ్యాధి స్వభావం అనుమతిస్తే, అండాశయాలను రేడియేషన్ పరిధి నుంచి పైకి జరిపే శస్త్రచికిత్స ఉంది. పిల్లలు కావాలనుకునేవారితో సంతానం విషయం చికిత్సకు ముందే మాట్లాడాలి. తర్వాత మాట్లాడడానికి ఏమీ మిగలదు. రేడియేషన్‌ను గురి తప్పకుండా ఇచ్చే ఆధునిక పద్ధతుల విలువను మన దేశంలోనే నిరూపించారు. శస్త్రచికిత్స అనంతరం రేడియేషన్ పొందిన 300 మందిపై టాటా మెమోరియల్ వైద్యులు జరిపిన పార్సర్ అధ్యయనం 2021లో వెలువడింది. పాత పద్ధతిలో మూడేళ్లలో 42.4 శాతం మందికి పేగు సంబంధిత దీర్ఘకాల దుష్ఫలితాలు కలగగా, కొత్త పద్ధతిలో అవి 21.1 శాతానికి తగ్గాయి. పేగు బాధ తగ్గడం కూడా దాంపత్య జీవితానికి మేలు చేసేదే.

చికిత్స తర్వాత మొదటి సమస్య పొడిబారడం. దానికి క్రమం తప్పక వాడే తేమలేపనాలు, కలయిక సమయంలో వాడే నీటి ఆధారిత జెల్ తొలి మెట్టు. తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ లేపనం తర్వాతి మెట్టు. ముందే ముట్లాగిపోయిన మహిళలకు హార్మోన్ చికిత్స ఇవ్వవచ్చా అన్న సందేహం వైద్యులలో కూడా తరచు కనిపిస్తుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో అత్యధిక శాతం పొలుసుకణ రకానివి. అవి హార్మోన్లపై ఆధారపడినవి కావు. అందువల్ల యాభై ఏళ్లలోపు మహిళలకు హార్మోన్ చికిత్సను పరిశీలించాలని ఐరోపా మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. గర్భాశయం అలాగే ఉన్నవారికి ఈస్ట్రోజెన్‌తోపాటు ప్రొజెస్టోజెన్ కూడా ఇవ్వాలి. గ్రంథికణ రకం వ్యాధి ఉన్నవారి విషయంలో, ఇతర హార్మోన్ సంబంధిత క్యాన్సర్ ఉన్నవారి విషయంలో నిర్ణయం వేరుగా ఉంటుంది. క్యాన్సర్ అన్న మాట వినగానే హార్మోన్ వద్దనడం ఈ మహిళలకు న్యాయం కాదు.

ఇక డిశ్చార్జి పత్రంలోని ఆ మూడు మాటల సలహా. డైలేటర్ అనేది నునుపైన గొట్టం ఆకారంలో, చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వివిధ పరిమాణాలలో దొరికే సాధనం. గోడలు అతుక్కోకుండా, మార్గం ఇరుకు కాకుండా చూడడం దాని ఉద్దేశం. ఇందులో శాస్త్రం చెప్పేదాన్ని ఉన్నదున్నట్లు చెప్పాలి. ఉన్న అధ్యయనాలను కొక్రేన్ సంస్థ 2010లోనూ, మళ్లీ 2014లోనూ సమీక్షించి, క్రమం తప్పని వాడకం ఇరుకు కావడాన్ని నివారిస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది. రేడియేషన్ జరుగుతున్నప్పుడు వాడితే హాని కలిగే అవకాశం ఉందనీ, పుండు మానిన తర్వాత వాడితే కొందరికి మేలు జరగవచ్చనీ పేర్కొంది. ఆ పరిమితులతోనే అనేక దేశాల వైద్యులు, చికిత్స ముగిసిన సుమారు నాలుగు వారాల తర్వాత, వారానికి రెండు మూడు సార్లు, కొద్ది నిమిషాల చొప్పున, కనీసం ఏడాదిపాటు వాడమని సూచిస్తున్నారు.

దీనికి మరొక ప్రయోజనం ఉంది. మార్గం పూర్తిగా మూసుకుపోతే, వ్యాధి తిరగబెట్టిందేమో చూడడానికి వైద్యుడు చేసే పరీక్ష కూడా దుర్భరమవుతుంది. నొప్పికి భయపడి పరీక్షలు మానేసే మహిళ ప్రాణానికే ముప్పు. దాంపత్య జీవితం తనకు ఇక వద్దనుకునే మహిళకు, భర్తను కోల్పోయిన మహిళకు కూడా ఈ సలహా అందవలసిన కారణం ఇది. వయసో వైధవ్యమో చూసి, ఈమెకు ఇది అక్కరలేదని మరొకరు నిర్ణయించడం తగదు.

సాధనం ఇచ్చినంత మాత్రాన వాడరు. ఇంట్లో దాచుకునే చోటు, తలుపు వేసుకునే గది, నొప్పి భయం, ఇది తప్పేమోనన్న సంకోచం అన్నీ అడ్డమే. నెదర్లాండ్స్‌లో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు చికిత్స తర్వాత విడతలవారీగా సలహా ఇచ్చే పద్ధతిని శాస్త్రీయంగా పరీక్షించారు. మామూలు సలహా ఇప్పటికే మెరుగ్గా అందుతున్న ఆసుపత్రులలో దానివల్ల అదనపు ప్రయోజనం స్పష్టం కాలేదు. మనకు ఆ ఫలితంలో ఒక పాఠం ఉంది: అక్కడి పోలికకు ఆధారమైన ఆ మామూలు సలహాయే మనకు ఇంకా అందుబాటులో లేదు. ముందు నిర్మించుకోవలసింది దాన్నే.

పదిహేను రోజుల హద్దు

రాజధాని ప్రాంతంలో చికిత్సకు కొరత లేదని పైకి అనిపిస్తుంది. ఎయిమ్స్‌లోని క్యాన్సర్ ఆసుపత్రి, రోహిణిలోని రాజీవ్ గాంధీ క్యాన్సర్ సంస్థ, దిల్షాద్ గార్డెన్‌లోని ఢిల్లీ రాష్ట్ర క్యాన్సర్ సంస్థ, సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి ఉన్నాయి. హర్యానాలోని ఝజ్జర్ జిల్లాలో ఎయిమ్స్ ఆధ్వర్యంలోని జాతీయ క్యాన్సర్ సంస్థను 2019 ఫిబ్రవరిలో జాతికి అంకితం చేశారు. రోగులు, సహాయకుల కోసం అక్కడ 806 పడకల విశ్రామ్ సదన్ 2021 అక్టోబరు 21న ప్రారంభమైంది. బీహార్, ఉత్తరప్రదేశ్ పల్లెల నుంచి వచ్చినవారికి అటువంటి బస వరమే. కానీ చికిత్స ముగిశాక వారు తిరిగి వెళ్లేది వందల కిలోమీటర్ల దూరంలోని ఊళ్లకు. మూడు నెలలకొకసారి జరిగే తనిఖీలో కణితి ఉందా లేదా అని చూస్తారు. ఈ మధ్యలో ఏం జరుగుతోందో అడిగేవారుండరు.

బీమా పథకం నిర్మాణం కూడా ఈ ఖాళీని పెంచుతోంది. 2018 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య యోజన రేడియేషన్, బ్రాకీథెరపీ వంటి ఖరీదైన చికిత్సలను పేదలకు అందుబాటులోకి తెచ్చింది. ఢిల్లీ ప్రభుత్వం కూడా 2025 ఏప్రిల్ 5న ఒప్పందం చేసుకొని ఇందులో చేరింది. కానీ ఈ పథకం ఆసుపత్రి చికిత్స చుట్టూ అల్లినది. చేరడానికి ముందు మూడు రోజులు, డిశ్చార్జి తర్వాత పదిహేను రోజుల వరకే మందుల ఖర్చు వర్తిస్తుంది. సాధారణ ఓపీ సేవలు దీని పరిధిలోకి రావు. యోనిమార్గం గట్టిపడడం మొదలయ్యేది వారాల తర్వాత. డైలేటర్ వాడకం మొదలుపెట్టవలసింది నెల తర్వాత. లేపనం వాడవలసింది ఏళ్ల తరబడి. ప్రభుత్వ ధనంతో లక్షల రూపాయల చికిత్స పొందిన మహిళ, ఆ చికిత్స మిగిల్చిన బాధకు కావలసిన చిన్నపాటి వస్తువులను సొంత డబ్బుతో, అదీ మందుల దుకాణంలో నలుగురి ముందు నోరు తెరిచి అడిగి కొనుక్కోవాలి.

తెలుగు రాష్ట్రాలలో పరిస్థితి భిన్నమేమీ కాదు. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి సంస్థలపై రోగుల ఒత్తిడి అధికం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ రేడియేషన్‌ను పేద ఇళ్ల గడపకు చేర్చింది. ఆ తర్వాతి సలహాను చేర్చడం మిగిలి ఉంది.

భర్త పాత్ర, భార్య సమ్మతి

ఈ సమస్యలో రెండో మనిషి భర్త. ఆయనకూ సమాచారం లేదు. ముట్టుకుంటే నొప్పి కలుగుతుందని దూరం జరిగే భర్త తనను అసహ్యించుకుంటున్నాడని భార్య అనుకుంటుంది. ఆమె ముభావాన్ని చూసి ఆయన వేరొక అర్థం తీస్తాడు. ఈ క్యాన్సర్‌కు హెచ్‌పీవీ వైరస్ కారణమని తెలిసినప్పుడు, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్న ప్రశ్న ఇంట్లో నిప్పులా రాజుకుంటుంది. లైంగిక జీవితం ఉన్నవారిలో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు సోకే సాధారణ వైరస్ ఇది. చాలామందిలో దానంతటదే పోతుంది. కొద్దిమందిలో మాత్రం నిలిచి, పది ఇరవై ఏళ్ల తర్వాత క్యాన్సర్‌కు దారితీస్తుంది. కాబట్టి ఈ వ్యాధిని శీలానికి ముడిపెట్టడం శాస్త్రవిరుద్ధం. క్యాన్సర్ మాత్రం ఒకరి నుంచి మరొకరికి అంటదు.

అన్ని ఇళ్లలోనూ భర్త దూరం జరగడు. నొప్పి ఉందన్నా వినని ఇళ్లు ఉన్నాయి. వివాహబంధంలో భార్య సమ్మతి లేని సంభోగాన్ని అత్యాచారంగా పరిగణించని మినహాయింపుపై ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం 2022 మే 11న భిన్నాభిప్రాయాలతో తీర్పు చెప్పింది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ మినహాయింపు కొనసాగింది. వివాదం సుప్రీంకోర్టు ముందుకు వెళ్లింది. అయితే 2005 నాటి గృహహింస నిరోధక చట్టం లైంగిక వేధింపును గృహహింసలో భాగంగానే నిర్వచించింది. రేడియేషన్ గాయం మానని శరీరంపై బలవంతం చేయడం వైద్యపరంగా కూడా ప్రమాదకరం. దంపతులిద్దరినీ కూర్చోబెట్టి సలహా ఇవ్వడం మంచిదే. అంతకంటే ముందు భార్యతో ఒంటరిగా మాట్లాడాలి. ఇంట్లో ఆమెకు కాదనే వీలుందో లేదో తెలియకుండా ఇచ్చే సలహా, ఎప్పటినుంచి కలవవచ్చో చెప్పే అనుమతి పత్రంగా మారిపోయే ప్రమాదం ఉంది.

చేయవలసినవి, చేయగలిగినవి

2024 ఫిబ్రవరి 1న మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలో 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను ప్రోత్సహిస్తామని కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించారు. 2025 బడ్జెట్‌లో, మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రులలో క్యాన్సర్ డే కేర్ కేంద్రాలు ఏర్పాటు చేస్తామనీ, ఆ ఏడాదే 200 నెలకొల్పుతామనీ చెప్పారు. టీకా రేపటి తరాన్ని కాపాడుతుంది. ఇప్పటికే రేడియేషన్ పొందినవారికి జిల్లా కేంద్రమే దగ్గరి దారి. కీమోథెరపీ ఎక్కించే ఆ గదులలోనే, శిక్షణ పొందిన ఒక నర్సు వారంలో ఒక పూట చికిత్స అనంతర సలహాకు కేటాయిస్తే, ఢిల్లీకో హైదరాబాద్‌కో రానక్కరలేకుండా ఊరి దగ్గరే మాట్లాడే మనిషి దొరుకుతుంది.

రెండవది, బీమా పథకాలలో రేడియేషన్ ప్యాకేజీకి ఏడాదిపాటు చికిత్స అనంతర సేవను జోడించడం. డైలేటర్ల సమితి, తేమలేపనం, జెల్, అవసరమైనవారికి హార్మోన్ మందులు డిశ్చార్జి రోజునే లేదా మొదటి తనిఖీలో చేతికి ఇవ్వాలి. మొత్తం చికిత్స ఖర్చుతో పోలిస్తే ఇది స్వల్పం.

మూడవది, ప్రతి తనిఖీలో తప్పనిసరిగా మూడు ప్రశ్నలు అడగడం. లోపల పొడిబారడం, నొప్పి ఉన్నాయా? రక్తం కనబడుతోందా? దాంపత్య జీవితం గురించి అడగాలనుకున్నది ఏమైనా ఉందా? రక్తపోటు రాసినట్లే ఈ జవాబులు కూడా కేసు షీటులో రాయాలి. రాయనిది ఏ వ్యవస్థలోనూ లెక్కకు రాదు.

నాలుగవది, భాష. రాజధాని ఆసుపత్రులలో హిందీ, ఇంగ్లీషు రాని రోగి బంధువుల దుబాసీపై ఆధారపడుతుంది. ఆ బంధువు ఆమె కొడుకైతే ఈ సంభాషణ జరగనే జరగదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ భవన్‌లు, తెలుగు సంఘాలు మహిళా దుబాసీలను సమకూర్చగలవు. అంతకంటే సులభమైనది, చదవడం రానివారు కూడా ఫోనులో వినగలిగేలా, వారి వారి భాషలలో చిన్న శ్రవణ సందేశాలు సిద్ధం చేయడం.

డిశ్చార్జి పత్రంలోని ఆ మూడు మాటల సలహాను తెలుగు చేయడానికి ఈ వ్యాసకర్తకు ఆ రోజు సరైన వాక్యం దొరకలేదు. తర్వాత వైద్య మార్గదర్శకాలను చదివి రాసుకున్నది ఇది:

"రేడియేషన్ వల్ల లోపలి దారి బిగుసుకుపోయే అవకాశం ఉంది. నాలుగు వారాల తర్వాత డాక్టరు చూసి, పుండు మానిందని చెప్పాక ఈ సాధనం వాడడం మొదలుపెట్టండి. జెల్ రాసి, వారానికి రెండు మూడు సార్లు, కొద్ది నిమిషాలు చాలు. బలవంతంగా నెట్టవద్దు. కాస్త మరక కనబడితే భయపడకండి. రక్తం ఎక్కువైనా, నొప్పి తీవ్రమైనా, మూత్రమో మలమో ఆ దారిలో వస్తున్నా వెంటనే రండి. మీ ఒంట్లో కరెంటు మిగిలి లేదు, ఈ జబ్బు మీ భర్తకు అంటదు. మీకు ఇష్టమైనప్పుడే, మీకు నొప్పి లేనప్పుడే కలవండి. వద్దనుకుంటే వద్దనే హక్కు మీది. ఈసారి వచ్చినప్పుడు ఈ సంగతి మీరు అడగనక్కరలేదు, మేమే అడుగుతాం."

చదివి వినిపించడానికి ఒక నిమిషం పడుతుంది. ఎనిమిది వారాల చికిత్సకు చివర ఆ ఒక్క నిమిషాన్ని చేర్చడం ఏ ఆసుపత్రికైనా సాధ్యమే.